జీతం ఒక్కటే అడిగి విమానం ఎక్కించకండి

సంపాదకులు గారికి నమస్కారం.

విదేశాల్లో నర్సులకు, కేర్‌గివర్లకు గిరాకీ పెరిగిందంటూ ఈమధ్య జిల్లా పేజీల్లో వరసగా వార్తలు వస్తున్నాయి. జర్మనీలో ఇంత, జపాన్‌లో అంత అని జీతాలు పెద్దక్షరాల్లో వేస్తున్నారు. ఆ అంకెలు తప్పనడం లేదు. కానీ వెళ్లిన మనవాళ్లు రెండో ఏడాది కూడా ఆ ఉద్యోగంలో ఇష్టంగా ఉంటారా, ఎప్పుడు వదిలించుకుందామా అని చూస్తుంటారా అన్నది జీతం అంకె తేల్చదు. ఒక షిఫ్టులో ఎంతమందిని చూడాలి, చదివిన చదువుకు తగ్గ హోదా ఇచ్చారా, ఆ యజమాని పడకపోతే ఇంకోచోటికి మారే దారి ఉందా, ఇంటి దగ్గర అప్పు ఎంత? తేల్చేవి ఇవి. అమలాపురం, రాజోలు, నరసాపురం ప్రాంతాల్లో నర్సింగ్ పాఠాలు చెప్పేవాళ్లం, కేర్‌గివర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లం కలిసి రాస్తున్నాం. ఉత్తరం కాస్త పెద్దదే. కత్తిరించక తప్పకపోతే మా నమస్కారాలు కత్తిరించండి గానీ లెక్కలు ఉంచండి.

ముందు పనిచోటు ఎలా ఉంటుందో చెప్పాలి. పాలకొల్లులోనో భీమవరంలోనో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు, ఆపరేషన్లు చేసే ప్రైవేటు ఆసుపత్రి. విదేశాల్లో మనవాళ్లు చేరేది అలాంటి చోట కాదు. సొంతంగా లేవలేనివాళ్లు, తినలేనివాళ్లు, మతిమరుపు ముదిరినవాళ్లు చివరిదాకా ఉండే ఇల్లు అది. డాక్టరు రోజూ ఉండరు. సెలైన్లు, ఇంజెక్షన్లు తక్కువ. పొద్దున్నే లేపాలి, ఒళ్లు తుడవాలి, కట్టుడు పళ్లు కడిగి పెట్టాలి, డైపర్ మార్చాలి, బట్టలు వేయాలి, తినిపించాలి, మంచం దిగలేనివాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, చేసిన ప్రతి పనీ కంప్యూటర్లో రాయాలి. ఐసీయూలో రెండేళ్లు చేసి వెళ్లిన జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) అమ్మాయికి మొదటి నెలలో తగిలే దెబ్బ ఇదే. తనను ఆయాను చేసేశారనుకుంటుంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ మాట చెప్పదు. అమ్మానాన్నలు ఊరంతా నర్సు ఉద్యోగమని చెప్పుకున్నారు, సంబంధాలు చూస్తున్నారు, ఇప్పుడేమని చెబుతుంది? వీడియో కాల్‌లో కిటికీ, మంచు, చర్చి గోపురం చూపిస్తుంది గానీ పనిచేసే గది చూపించదు. జీతం చాలకపోవడం కంటే ఈ దాపరికమే ఎక్కువమందిని లోపల తొలిచేస్తుందని మా అభిప్రాయం. పని ఏమిటో ఇక్కడే, ఇంట్లోవాళ్ల ఎదుటే, పేరు పెట్టి చెప్పేస్తే ఈ దెబ్బలో సగం తగ్గుతుంది.

హోదా సంగతికి వస్తే జర్మనీని ఉదాహరణగా తీసుకుందాం, ఇప్పుడు అందరి చూపూ అటే ఉంది కాబట్టి. మన జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ సర్టిఫికెట్లను అక్కడి రాష్ట్ర అధికారులు తమ కోర్సుతో పోల్చి, ఏవి తక్కువున్నాయో రాసి ఒక నోటీసు ఇస్తారు. ఆ లోటు పూడ్చడానికి నెలల తరబడి శిక్షణ పొందాలి, లేదా పరీక్ష రాయాలి. పరీక్ష తప్పితే తప్పిన భాగం మళ్లీ రాయడానికి ఒక్కటే అవకాశం. పూర్తి గుర్తింపు వచ్చేదాకా అమ్మాయి పనిచేసేది నర్సుగా కాదు, సహాయకురాలిగా. 2025 జూలైలో అమల్లోకి వచ్చిన కనీస వేతనం ప్రకారం అర్హత పొందిన నర్సుకు గంటకు 20.50 యూరోలు, హెల్పరుకు 16.10. వారానికి 39 గంటల చొప్పున నెలకు 169 గంటలు. అంటే హోదా మారితే నెలకు 740 యూరోలకు పైగా తేడా. ఏజెంటు చెప్పేది పై అంకె, మొదటి నెల చేతికొచ్చేది కింది అంకెలోంచి. అందులోనూ పన్ను, ఆరోగ్య బీమా, పింఛను, నిరుద్యోగ బీమా, వృద్ధాప్య సంరక్షణ బీమా కోసుకుంటారు. పిల్లలు లేనివాళ్లకు 23 ఏళ్లు దాటితే ఆ చివరి బీమాలో ఇంకో 0.6 శాతం అదనం. పెళ్లికాని అమ్మాయి జీతం చీటీ చూసుకుని కంగారు పడేది ఇక్కడే.

కాబట్టి కాంట్రాక్టులో చూడాల్సింది నర్సు జీతం ఒక్కటే కాదు. గుర్తింపు వచ్చేదాకా గంటకు ఎంత ఇస్తారు, శిక్షణకో పరీక్ష క్లాసులకో వెళ్లిన గంటలకు జీతం ఉందా, ఆ ఫీజు ఎవరు కడతారు, గుర్తింపు కాగితం వచ్చిన నెల నుంచే జీతం మారుతుందని రాసి ఉందా అన్నవి చూడాలి. ఉద్యోగం మధ్యలో వదిలేస్తే ఖర్చులు తిరిగి కట్టాలనే షరతు చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. ఆ మొత్తం ఎంతో, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుందో లేదో చదవాలి. చివరి రోజుదాకా మొత్తం అంతే ఉంటుందని రాసిన కాగితం మీద సంతకం పెట్టొద్దని మేం పిల్లలకు గట్టిగానే చెబుతాం. నియామకం ఖర్చంతా యజమానే భరించే పద్ధతిలో నడిచే ఏజెన్సీలకు జర్మన్ ప్రభుత్వం ఒక నాణ్యతా ముద్ర ఇస్తోంది. ఏజెన్సీకి ఆ ముద్ర ఉందా అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఇంటర్ అయిన పిల్లలు నేరుగా అక్కడి మూడేళ్ల నర్సింగ్ శిక్షణలో చేరితే సర్టిఫికెట్ గుర్తింపు గొడవే ఉండదు, నేర్చుకుంటూనే నెలనెలా స్టయిపెండు వస్తుంది. చదువంతా, పరీక్షలన్నీ జర్మన్‌లోనే అన్నది మాత్రం మరవకూడదు. వయసు తక్కువ, భాష మీద పట్టు ఉంది అనుకున్నవాళ్లకు మేం ఈ దారే చెబుతున్నాం.

ఇక షిఫ్టులో ఎంతమంది అన్న ప్రశ్న. దీన్ని ఇంటర్వ్యూలో అడిగేవాళ్లు అరుదు. ఒక లెక్క చూడండి. పొద్దున 7 నుంచి 9.30 వరకు, అంటే 150 నిమిషాల్లో, ఇద్దరు కేర్‌గివర్లు పదిమందిని లేపి, కడిగి, టిఫిన్ టేబుల్ దగ్గరికి చేర్చాలి. పదిమందిలో ఐదుగురు నిలబడలేనివాళ్లు. వాళ్లను యంత్రంతో ఎత్తాలి, ఆ పనికి ఇద్దరూ ఉండాలి. ఒక్కొక్కరికి స్నానం, బట్టలతో కలిపి 25 నిమిషాలు వేసుకున్నా 125 నిమిషాలు. మిగిలిన ఐదుగురికి ఒక్కొక్కరికి 20 నిమిషాల చొప్పున 100 నిమిషాల పని. ఇద్దరూ పంచుకుంటే 50. మొత్తం 175. ఉన్నవి 150. తక్కువ పడిన ఆ 25 నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? యంత్రం వాడకుండా చేతులతో ఎత్తేయడం నుంచి వస్తాయి, లేదా ఎవరికో ఒకరికి పళ్లు తోమకుండా వదిలేయడం నుంచి వస్తాయి. మొదటిది చేస్తే నడుము పోతుంది. రెండోది చేస్తే మనసు ఒప్పుకోదు. పని తెలిసిన నర్సుకు తను చేయాల్సింది చేయలేకపోయానన్న బాధ జీతం రోజున కూడా పోదు.

రాత్రి షిఫ్టు లెక్క వేరు. ఒక్క మనిషి ముప్ఫై నలభై మందిని చూసుకునే ఇళ్లు ఉన్నాయి. పక్కలు తిప్పాలి, డైపర్లు మార్చాలి, మంచం దిగి పడిపోయినవాళ్లను చూడాలి, బెల్లు మోగిన ప్రతి గదికీ పరిగెత్తాలి. ఇంగ్లండ్‌లో ఇంతమందికి ఇంతమంది సిబ్బంది అని చట్టంలో అంకె లేదు, అవసరానికి తగినంతమంది ఉండాలని మాత్రమే ఉంది. జపాన్‌లో ముగ్గురు నివాసులకు ఒక సిబ్బంది అని నిబంధన ఉంది గానీ అది మొత్తం సిబ్బందిని కలిపి వేసే లెక్క. మూడు షిఫ్టులకు, సెలవులకు పంచితే ఫ్లోర్ మీద ఆ నిష్పత్తి కనపడదు. అందుకే ఇంటర్వ్యూలో అడగాల్సిన తీరు ఇదీ: "పగలు నా ఫ్లోర్ మీద ఎంతమంది నివాసులు, ఎంతమంది సిబ్బంది? వాళ్లలో ఎంతమందికి ఇద్దరు మనుషుల సాయం కావాలి? రాత్రి ఎంతమంది?" సూటిగా జవాబివ్వని మేనేజరు రేపు రోస్టరు (డ్యూటీల పట్టిక) దగ్గర కూడా అంతే.

యంత్రంతో ఎత్తడం అన్నాం కదా, దాని గురించి వివరంగా చెప్పాలి. మన నర్సింగ్ కాలేజీల ప్రాక్టికల్స్‌లో దాదాపు నేర్పనిది, అక్కడ మొదటి రోజు నుంచే అవసరమయ్యేది ఇదే. దాన్ని హాయిస్ట్ అంటారు. చక్రాల మీద నిలబడే చిన్న క్రేన్. మన ఆసుపత్రుల్లో మనిషి చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపున లేపుతారు. అలా చేస్తే ముసలివాళ్ల భుజం కీలు జారుతుంది, చంకలో నరాలు దెబ్బతింటాయి, లేపేవాళ్ల నడుము పడుతుంది. విదేశాల్లో ఆ పద్ధతిలో ఎత్తితే మెమో ఇస్తారు. హాయిస్ట్ వాడే క్రమం ఇదీ. మంచాన్ని మీటతో మీ నడుము ఎత్తుకు లేపి బ్రేకు వేయాలి. మనిషిని ఒక పక్కకు దొర్లించి, స్లింగ్ అనే గుడ్డ సగం మడిచి వీపు వెనక దూర్చాలి. దాని కింది అంచు సరిగ్గా తోకఎముక దగ్గరికి రావాలి. పైకి జరిగితే మనిషి కిందికి జారిపోతాడు. రెండో పక్కకు దొర్లించి మిగతా సగం లాగాలి. కాలి పట్టీలు తొడల కిందుగా తెచ్చి ఒకదాంట్లోంచి ఒకటి దూర్చాలి. ఇది మర్చిపోతే కాళ్లు ఎడమై మధ్యలోంచి జారే ప్రమాదం ఉంది.

తర్వాత హాయిస్ట్ కాళ్లు వెడల్పు చేసి మంచం కిందికి తోయాలి. స్లింగ్‌కు రంగురంగుల ఉచ్చులు ఉంటాయి. కూర్చోబెట్టడానికైతే భుజాల దగ్గర పొట్టివి, కాళ్ల దగ్గర పొడుగువి తగిలించాలి. కుడి ఎడమలకు ఒకే రంగు. బిగుసుకునేదాకా ఎత్తి ఆపాలి. నాలుగు ఉచ్చులూ కొక్కేల్లో ఉన్నాయో లేదో చేత్తో ముట్టుకుని చూడాలి. ఆ తర్వాతే పైకి. ఒకరు మీట నొక్కితే ఇంకొకరు మనిషి మోకాళ్ల దగ్గర చెయ్యి వేసి మాట్లాడుతూ ఉండాలి. గాల్లో వేలాడే ముసలమ్మకు ఉండే భయం అంతా ఇంతా కాదు. ఎక్కువ రకాల హాయిస్టులకు ఎత్తేటప్పుడు చక్రాల బ్రేకులు వేయకూడదు, బరువుకు తగ్గట్టు అది కొద్దిగా కదలాలి. వీల్‌చైర్‌కు మాత్రం బ్రేకు తప్పనిసరి. చాలామంది ఈ రెండూ తలకిందులుగా చేస్తారు. బ్యాటరీ రాత్రి చార్జింగ్‌లో పెట్టారా, స్లింగ్ కుట్లు ఊడాయా అన్నవి షిఫ్టు మొదట్లో చూసుకోవాలి. బ్రిటన్‌లో మనుషులను ఎత్తే యంత్రాలను, స్లింగులను ఆరు నెలలకోసారి తనిఖీ చేయించాలని చట్టం. తేదీ చీటీ యంత్రానికే అంటించి ఉంటుంది. తేదీ దాటితే వాడనని చెప్పే హక్కు కొత్తగా చేరిన కేర్‌గివర్‌కూ ఉంది. ఆ మాట ఇంగ్లిష్‌లోనో జర్మన్‌లోనో మర్యాదగా, గట్టిగా చెప్పడం కూడా ఇక్కడే నేర్పాలి. ఇద్దరుండాల్సిన చోట ఒక్కరే ఎత్తితే, అది మేనేజరు చెప్పినందువల్లే అయినా, మనిషి పడిపోయినప్పుడు రిపోర్టులో పడేది ఎత్తిన అమ్మాయి పేరు. వీసా ఆ యజమాని చేతిలో ఉన్న అమ్మాయి నోరెత్తదు. అక్కడి నుంచి మొదలవుతుంది ఆ ఉద్యోగం మీద విరక్తి.

మిగతా పనులు ఇంత కష్టమైనవి కావు గానీ తెలియకుండా వెళ్లకూడదు. మింగలేనివాళ్లకు నీళ్లు, టీ కూడా పొడి కలిపి చిక్కగా చేసి ఇస్తారు. ఆ చిక్కదనానికి, తిండి మెత్తదనానికి 0 నుంచి 7 వరకు అంకెలుంటాయి. 2వ అంకె రాసినవాళ్లకు మామూలు నీళ్లు తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మంచపుండు మొదలైందా అని చూడ్డానికి ఎర్రబడిన చోట వేలితో నొక్కి తీయాలి. తెల్లబడకుండా ఎరుపు అలాగే ఉంటే మొదటి దశ. మన ఒంటి రంగు మీద నేర్చుకున్న కంటికి తెల్లతోలు మీద ప్రతి మచ్చా ప్రమాదంలాగే కనిపిస్తుంది, అందుకని నొక్కి చూడటం తప్పనిసరి. మతిమరుపు రోగులు కొడతారు, ఉమ్ముతారు, రంగును బట్టి తిడతారు కూడా. ఎదురుగా వెళ్లి, కంటి ఎత్తులో వంగి, ఒకసారికి ఒక్క మాటే చెప్పి, చెయ్యి చూపించి ముట్టుకుంటే సగం గొడవ ఉండదు. జబ్బు వల్ల వచ్చే తిట్టును ఓర్చుకోవచ్చు. మతి సరిగ్గా ఉన్న బంధువో తోటి ఉద్యోగో అన్నది వేరు. దాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ రెండో రకాన్ని మేనేజరు ఎలా తీసుకుంటారన్నదాన్ని బట్టే మనవాళ్లు అక్కడ ఉండాలా వద్దా అన్నది తేల్చుకుంటారు.

జపాన్ వెళ్లేవాళ్లకు ఒక మాట. నిర్దిష్ట నైపుణ్య వీసా కింద కేర్‌గివర్లను తీసుకునే ఒప్పందం మనదేశంతో 2021 జనవరిలో కుదిరింది. జపనీస్‌లో ఎన్4 (ప్రాథమిక) స్థాయి భాషో దానికి సమానమైన పరీక్షో, కేర్ పని పరీక్ష, కేర్ పనికి సంబంధించిన జపనీస్ పరీక్ష, ఈ మూడూ ప్యాసవ్వాలి. ఐదేళ్ల వరకు ఉండొచ్చు, కుటుంబాన్ని తీసుకెళ్లకూడదు. కానీ అదే రంగంలో యజమానిని మార్చుకోవచ్చు. టెక్నికల్ ఇంటర్న్ అనే పాత పద్ధతిలో అలా మారనివ్వరు. 2027 ఏప్రిల్ నుంచి దాని స్థానంలో కొత్త విధానం రాబోతోంది. కాబట్టి ఏజెంటు ఏ వీసా అంటున్నాడో ఒకటికి రెండుసార్లు అడగాలి. అక్కడ నైట్ డ్యూటీ చాలాచోట్ల సాయంత్రం నాలుగైదు గంటలకు మొదలై మర్నాడు తొమ్మిది, పది దాకా ఒకటే షిఫ్టు. వారానికి కనీసం రెండు స్నానాలు నిబంధన. స్నానాల రోజున ఆవిరి గదిలో ఒకరి తర్వాత ఒకరికి చేయించేసరికి బట్టలు తడిసి ముద్దవుతాయి. ఇంత కష్టంలోనూ జపాన్‌లో నిలదొక్కుకున్నవాళ్లు కనిపిస్తారంటే కారణం ఎదుగుదలకు దారి ఉండటం. మూడేళ్ల అనుభవం తర్వాత ఏటా జనవరి చివర్లో జరిగే జాతీయ పరీక్ష, 125 ప్రశ్నలు, జపనీస్‌లోనే రాయాలి. అది ప్యాసైతే వీసాకు ఐదేళ్ల గడువు ఉండదు, భర్తనూ పిల్లలనూ తెచ్చుకోవచ్చు. వెళ్లిన మొదటి వారం నుంచే ఆ పరీక్షకు చదివించే యజమానిని ఎంచుకోవాలి.

బ్రిటన్ సంగతి తెలియక ఇంకా డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్లు ఉన్నారు. కేర్ వర్కర్ వీసా 2022 ఫిబ్రవరిలో తెరిచారు. 2024 మార్చి 11 నుంచి కుటుంబాన్ని తీసుకెళ్లనివ్వడం లేదు. 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపేశారు. ఆ తర్వాత కూడా కేర్ వీసా ఇప్పిస్తానని ఎవరైనా పది లక్షలు అడిగితే అది మోసమే. నర్సుగా వెళ్లే దారి మాత్రం వేరు, అది ఉంది. ఆంగ్ల పరీక్షలైన ఐఈఎల్‌టీఎస్‌లో 7, రాతలో 6.5, లేదా ఓఈటీలో బీ, రాతలో సీ ప్లస్ తెచ్చుకుని, కంప్యూటర్ పరీక్ష, అక్కడ ప్రాక్టికల్ పరీక్ష ప్యాసై రిజిస్టర్ కావాలి. ఇప్పటికే అక్కడ కేర్ వర్కర్లుగా చిక్కుకున్న మన నర్సులకు ఒక వెసులుబాటు ఉంది. ఆంగ్ల పరీక్షలో మార్కులు కొద్దిలో తప్పినా, అక్కడ ఏడాది పనిచేసి ఉంటే యజమాని ఇచ్చే భాషా ధ్రువీకరణను నర్సింగ్ కౌన్సిల్ 2023 నుంచి పరిగణనలోకి తీసుకుంటోంది. విదేశీయులను పనిలోకి తీసుకునే యజమాని (స్పాన్సరు) లైసెన్సు రద్దయితే సాధారణంగా 60 రోజుల గడువు ఇస్తారు, ఆలోపు వేరే స్పాన్సరు దొరకాలి. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఫీజు ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. లైసెన్సున్న స్పాన్సర్ల జాబితా, కేర్ హోముల తనిఖీ నివేదికలు ఎవరైనా చూసుకునేలా ఆ ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉన్నాయి. చేరబోయే ఇంటి నివేదికలో సిబ్బంది గురించి రాసిన పేరా ఒక్కటి చదివినా చాలా తెలుస్తుంది. ఇంకో మోసం, హోములో ఉద్యోగమని చెప్పి ఇంటింటికీ తిరిగే పనిలో పెట్టడం. అక్కడికెళ్లాక కారు కొనుక్కోమంటారు. మన డ్రైవింగ్ లైసెన్సు అక్కడ 12 నెలలే చెల్లుతుంది. ఇంటికీ ఇంటికీ మధ్య ప్రయాణానికి జీతం ఇవ్వని యజమానులూ ఉన్నారు.

అప్పు గురించి రాయకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. మన దగ్గర వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలంటే తక్కువ కిందే లెక్క. ఎనిమిది లక్షలు ప్రామిసరీ నోటు మీద తెస్తే నెలకు 16,000 వడ్డీ. జర్మన్ బీ2 (మధ్యస్థం దాటిన స్థాయి) దాకా నేర్చుకుని, వీసా వచ్చేసరికి ఏడాది తేలిగ్గా పడుతుంది. ఆ ఏడాది జీతం లేదు, వడ్డీ 1,92,000. అంటే విమానం ఎక్కకముందే ఎనిమిది లక్షలు పది లక్షలకు చేరింది. మూడు రూపాయల వడ్డీ అయితే ఇంకా చెప్పక్కర్లేదు. ఇలా వెళ్లినవాళ్లు చెడ్డ రోస్టరునూ భరిస్తారు, పాడైన హాయిస్టునూ భరిస్తారు, బాగుందనే చెబుతారు. ఉద్యోగం నచ్చిందా అని వాళ్లను అడిగి లాభం లేదు, నచ్చలేదనే స్వేచ్ఛ వాళ్లకు లేదు. వలస చట్టం, 1983 ప్రకారం రిజిస్టరైన ఏజెంటు సేవా రుసుము కింద తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 35,400. ఏజెంటు లైసెన్సు నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో కొట్టి చూస్తే ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. భాష కోచింగ్, పరీక్ష ఫీజులు, కాగితాల అనువాదాలు వేరుగా ఉంటాయి నిజమే, వాటికి విడివిడిగా రశీదులు అడగాలి. "ప్యాకేజీ" అని ఒకే అంకె చెప్పేవాడి దగ్గర అసలు లెక్క దొరకదు.

భాష దగ్గర ఇంకో చిక్కుంది. పరీక్షలో వచ్చేది పుస్తకభాష. తొంభై ఏళ్ల ముసలాయన మాట్లాడేది పళ్లు లేని నోటితో తన ఊరి యాస. బీ2 ప్యాసైన అమ్మాయి మొదటి నెలంతా అవునవునని తలూపుతుంది. నొప్పి అన్నాడో, దాహం అన్నాడో తెలియక తలూపడం ప్రమాదం. అందుకని నొప్పి, మూత్రం, భయం, చలి, దాహం, ఇంటికి పోతాను అన్న మాటలు ఆ ప్రాంతపు యాసలో ఎలా అంటారో చేరిన వారంలోనే అక్కడి సహోద్యోగుల దగ్గర రాసుకోమంటాం. షిఫ్టు మారేటప్పుడు ఇచ్చే అప్పగింత ఐదు నిమిషాల్లో, నిలబడి, వేగంగా సాగిపోతుంది. అది అర్థం కాకపోతే పక్కవాళ్ల ముందు చిన్నబోతారు. కాబట్టి కోచింగ్ సెంటర్లు వ్యాకరణంతో పాటు అప్పగింత వినిపించి రాయించే అభ్యాసం రోజుకు అరగంటైనా పెట్టాలి.

ఇదంతా చదివి ఎవరూ వెళ్లొద్దని అంటున్నామనుకోకండి. వెళ్లి సంతోషంగా ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు చెప్పే కారణాలు ఆశ్చర్యపడేంత మామూలువి. రోస్టరు నెల ముందే చేతికివ్వడం. రోజుకో ఫ్లోర్ తిప్పకుండా అదే ఆరేడుగురు నివాసులను నెలల తరబడి తనకే అప్పగించడం. దానివల్ల ఆవిడకు టీలో ఎంత పంచదార కావాలో, ఆయన ఏ పక్కకు తిరిగి పడుకుంటాడో తెలుస్తుంది, పని తొందరగానూ అవుతుంది, మనిషితో బంధమూ ఏర్పడుతుంది. సంక్రాంతికి కాకపోయినా ఏడాదికోసారి ఒకేసారి నాలుగు వారాల సెలవు ఇవ్వడం. తాను చూసుకున్న నివాసి చనిపోతే ఆఖరిసారి ఒళ్లు తుడిచి సాగనంపే సమయం ఇవ్వడం. వచ్చిన కొత్తలో ఒక పాత సిబ్బందిని తోడు పెట్టడం. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు, అయినా అన్ని చోట్లా ఉండవు. ఇంటర్వ్యూలో అడగడానికి వీలైనవే అన్నీ.

కువైట్, మస్కట్‌లకు ఇళ్లలో ముసలివాళ్లను చూసుకోవడానికి వెళ్లే మన లంకగ్రామాల ఆడవాళ్ల సంగతి వేరే ఉత్తరం రాయాల్సినంత ఉంది. ఒక్కటి మాత్రం చెబుతాం. కువైట్ 2015 చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదంటోంది, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి వేతన సెలవు, ఉద్యోగం ముగిస్తే ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలంటోంది. ఆ సంగతి తెలియని ఏజెంట్లు లేరు, చెప్పే ఏజెంట్లే లేరు.

ప్రభుత్వాన్ని మేం అడిగేది మూడు పనులు. మా రెండు జిల్లాల్లోని నర్సింగ్ కాలేజీలన్నిటికీ కలిపి అమలాపురంలో ఒకటి, భీమవరంలో ఒకటి ప్రాక్టికల్ గది పెట్టాలి. పైకీ కిందికీ కదిలే రెండు మంచాలు, రెండు రకాల హాయిస్టులు, నాలుగు కొలతల స్లింగులు, మంచం మీద మనిషిని జరపడానికి వాడే జారుడు షీట్లు, నీళ్లు చిక్కబరిచే పొడి ఉంటే చాలు. ఒక్కో బ్యాచికి 40 గంటల అభ్యాసం పెట్టాలి. రెండోది, రాష్ట్ర విదేశీ ఉపాధి సంస్థ ఓమ్‌క్యాప్ తరఫున వారానికి ఒకరోజైనా ఇక్కడ కూర్చుని, సంతకం పెట్టకముందు కాంట్రాక్టు చదివి చెప్పే మనిషిని పంపాలి. మూడోది కేరళ చేసినట్టు చేయాలి. అక్కడ 2021 డిసెంబరులో ప్రవాసుల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ నోర్కా జర్మనీతో ట్రిపుల్ విన్ ఒప్పందం చేసుకుంది, ఏజెంటు కమీషను లేకుండా భాష నేర్పించి పంపుతోంది. అలాంటిది మనకూ కావాలి. కేరళ నర్సులకు బేరమాడే గుండె ఎక్కడి నుంచి వచ్చిందంటే అప్పు లేకపోవడం నుంచే.

ఇంకొకటి, ఇది ప్రభుత్వానికి కాదు. పిల్లలు విదేశాల్లో ఉండి తల్లిదండ్రులను ఇక్కడి వృద్ధాశ్రమాల్లో ఉంచిన కుటుంబాలు మన డెల్టాలో తక్కువేం లేవు. ఆ ఆశ్రమాల్లో మన్యం నుంచి, ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఆయాలుగా చేస్తున్న ఆడపిల్లలకు వారాంతపు సెలవు ఉందా, రాత్రి ఒక్కరే ఎంతమందిని చూస్తున్నారు, ఎత్తడానికి ఒక్క జారుడు షీటైనా ఉందా అని నెలనెలా డబ్బు పంపేవాళ్లు అడగొచ్చు. జర్మనీలో మన అమ్మాయికి ఉండాలని కోరుకుంటున్నవే ఇవి.

బయల్దేరేవాళ్లు కాంట్రాక్టు, వీసా, పాస్‌పోర్టు మొదటి చివరి పేజీలు, ఏజెంటుకు కట్టిన ప్రతి రశీదు రెండు కాపీలు తీయించి ఒకటి ఇంట్లో, ఇంకొకటి ఇంటికి బయట నమ్మకమైన మనిషి దగ్గర ఉంచాలి. డబ్బు చేత్తో ఇవ్వకుండా బ్యాంకు ద్వారానే కట్టాలి. వెళ్లాక పాస్‌పోర్టు యజమాని దాచుకుంటానంటే ఇవ్వొద్దు. జీతం చీటీలు నెలనెలా ఫోటో తీసి ఇంటికి పంపాలి, గంటలు తగ్గించి రాశారా అన్నది వాటిలోనే బయటపడుతుంది. జపాన్ నుంచి తిరిగొచ్చేసేవాళ్లు పింఛనుకు కట్టిన డబ్బులో కొంత వెనక్కి అడగొచ్చు, దేశం వదిలిన రెండేళ్లలోపే దరఖాస్తు చేయాలి. ఏ దేశంలో చిక్కు వచ్చినా ముందు అక్కడి భారత రాయబార కార్యాలయం, ఇక్కడి ఇంటివాళ్లయితే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం, టోల్‌ఫ్రీ 1800 11 3090.

ఇట్లు,
నర్సింగ్ అధ్యాపకులు, కేర్‌గివర్ శిక్షకులు
అమలాపురం, రాజోలు, నరసాపురం